ఈ వేడి ఎక్కడిది?

ఏటా ఏప్రిల్ దాటితే చాలు, రెంటచింతల, రామగుండం పేర్లు పత్రికల మొదటి పేజీకి ఎక్కుతాయి. వాటి పక్కన 44, 45 అంకెలు పడతాయి. ఆ అంకెలు చూడగానే జనం రెండు పక్షాలవుతారు. "చూశారా, భూమి మండిపోతోంది" అంటుంది ఒక పక్షం. "రోహిణి కార్తెలో రోళ్లు పగలడం తాతల నాటి మాట. ఎండలు మనకేం కొత్త?" అని కొట్టిపారేస్తుంది రెండో పక్షం. నిజానికి ఈ తగవులో ఇద్దరిదీ ఒకటే పొరపాటు. ఒక ఊరి ఎండను, ఒక ఏటి వేసవిని పట్టుకుని భూగోళం సంగతి తేల్చేద్దామనుకుంటున్నారు. రెంటచింతలలో ఓ మధ్యాహ్నం 45 డిగ్రీలు నమోదైనంత మాత్రాన భూతాపం రుజువైపోదు. మరుసటి మే నెలలో వానలు పడి ఊరు చల్లబడితే అది అబద్ధమూ అయిపోదు.

తేల్చాల్సిన ప్రశ్నలు మూడు. భూమి మొత్తంగా వేడెక్కుతోందా? వేడెక్కుతుంటే దానికి గాలిలో చేరిన వాయువులే కారణమా? ఆ వాయువులు మన పొయ్యిల నుంచి, కొలిముల నుంచి వచ్చినవేనా, లేక ప్రకృతి తనంత తాను విడుదల చేసినవా? మూడూ వేర్వేరు ప్రశ్నలు, వేర్వేరు సాక్ష్యాలు. వీటిని కలగాపులగం చేయడం వల్లే వాదన తెగదు. ఒక్కొక్కటే తీసుకుందాం.

వేడెక్కుతున్న మాట నిజమేనా?

లంబసింగిలో చలికాలం తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుంటుంది. రామగుండంలో అదే సమయానికి దుప్పటి చాలు. ఇలాంటి ఊళ్ల ఉష్ణోగ్రతలన్నీ కూడి సగటు తీస్తే వచ్చే అంకెకు పెద్ద అర్థం ఉండదు. అందుకే శాస్త్రవేత్తలు ఉష్ణోగ్రతను కాక, తేడాను లెక్కిస్తారు. ప్రతి కేంద్రాన్నీ దాని సొంత పాత సగటుతోనే పోలుస్తారు. లంబసింగి నిన్నటి లంబసింగి కంటే ఎంత మారింది, రామగుండం నిన్నటి రామగుండం కంటే ఎంత మారింది అని చూసి, ఆ తేడాల సగటు కడతారు.

ఈ పనిని మొదట పట్టుదలగా చేసినవాడు గై కాలెండర్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు. వృత్తి ఆవిరి యంత్రాలది, వ్యాపకం వాతావరణానిది. 1938లో ఆయన ప్రపంచంలోని 147 కేంద్రాల రికార్డులు సేకరించి, చేత్తో లెక్కలు కట్టి, అంతకుముందు అర్ధ శతాబ్దంలో భూమి ఏటా 0.005 డిగ్రీల చొప్పున వేడెక్కిందని చూపాడు. లండన్‌లోని వాతావరణ శాస్త్ర పెద్దలు విన్నారు గానీ నమ్మలేదు. ఆ తరువాత కంప్యూటర్లు వచ్చాయి, కేంద్రాలు వేలకు పెరిగాయి, ఉపగ్రహాలు తోడయ్యాయి. ఆయన అప్పట్లో కట్టిన లెక్క మాత్రం ఇప్పటి లెక్కలకు దగ్గరగానే నిలిచింది.

ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత 1850-1900 నాటి సగటు కంటే దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువ. 2024 నాటికి రికార్డుల్లో ఉన్న అత్యంత వేడి సంవత్సరాలు పది ఏరితే, ఆ పదీ 2015 నుంచి 2024 దాకా వరసగా ఉన్నవే.

"కేంద్రాల చుట్టూ ఊళ్లు పెరిగాయి. సిమెంటు, తారు వేడిని పట్టుకుంటాయి. థర్మామీటర్లు చూపేది ఊరి వేడి, భూమి వేడి కాదు" అనేది న్యాయమైన సందేహమే. హైదరాబాద్‌లో కాంక్రీటు బస్తీకి, పక్కనున్న చెట్ల ప్రాంతానికి రాత్రిపూట ఎంత తేడా ఉంటుందో అక్కడివాళ్లకు తెలుసు. అమెరికాలో రిచర్డ్ ముల్లర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఇదే అనుమానంతో సొంతంగా ఒక బృందాన్ని కూర్చి, పాత రికార్డులన్నీ తిరగదోడాడు. చమురు వ్యాపారంలో ఉన్న కోక్ కుటుంబపు ఫౌండేషన్ కూడా ఆ పనికి కొంత డబ్బిచ్చింది. ఊళ్లకు దూరంగా ఉన్న కేంద్రాలను విడిగా తీసి చూసినా వేడి పెరుగుదల అంతే ఉందని తేలింది. 2012లో ముల్లర్ తన అభిప్రాయం మారిందని, ఈ వేడికి దాదాపు పూర్తిగా మనుషులే కారణమని పత్రికలో రాశాడు.

ఊళ్లు లేని చోటు మరొకటి ఉంది, అది సముద్రం. అదనంగా చేరుతున్న వేడిలో 90 శాతానికి పైగా దాచుకుంటున్నది అదే. దాన్ని కొలవడానికి ఆర్గో అనే పరికరాలు ప్రపంచ సముద్రాల్లో సుమారు 4 వేలు తేలుతున్నాయి. మనిషి ఎత్తున్న పొడవాటి గొట్టం అది. వెయ్యి మీటర్ల లోతున ప్రవాహంతో పాటు కదులుతూ ఉంటుంది. పది రోజులకోసారి 2 వేల మీటర్లకు దిగి, అక్కడి నుంచి పైకి వస్తూ దారి పొడవునా నీటి వేడినీ ఉప్పదనాన్నీ నమోదు చేస్తుంది. ఉపరితలానికి చేరాక ఆ లెక్కను ఉపగ్రహానికి పంపి మళ్లీ మునుగుతుంది. హిందూ మహాసముద్రంలోని ఆర్గోల సమాచారం చేరేది సముద్రమే లేని హైదరాబాద్‌కు. నిజాంపేట దగ్గరున్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ఆ లెక్కల్ని పట్టి, వడకట్టి, ప్రపంచానికి అందిస్తుంది. సముద్రపు లెక్కలు చెప్పేదీ వేడి పెరుగుతోందనే. ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఉపరితలం 1951 నుంచి 2015 మధ్య దాదాపు ఒక డిగ్రీ వేడెక్కింది. నడిసముద్రంలో తారురోడ్లు లేవు.

ఒకటిన్నర డిగ్రీ ఏపాటి అనిపించవచ్చు. ఉదయానికీ మధ్యాహ్నానికీ మధ్యే పదిహేను డిగ్రీల తేడా చూస్తాం కదా! కానీ ఇది భూగోళమంతటి సగటు. సుమారు 20 వేల ఏళ్ల క్రితం, కెనడా మీదా ఉత్తర ఐరోపా మీదా కిలోమీటర్ల మందాన మంచు పరుచుకున్న హిమయుగంలో భూమి సగటు ఇప్పటికంటే తక్కువైంది అయిదారు డిగ్రీలే.

గాలి చేసే పని

సూర్యుడి వెలుగు గాలిని దాటి నేలను తాకుతుంది. వేడెక్కిన నేల ఆ శక్తిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా తిరిగి పైకి పంపుతుంది. గాలిలో 99 శాతం ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్‌లు ఆ కిరణాలను అడ్డుకోవు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వంటి కొన్ని వాయువులు మాత్రం వాటిని పీల్చుకుని, కొంత భాగాన్ని మళ్లీ కిందికి పంపుతాయి. ఆ వాయువులే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకు 18 డిగ్రీలు దిగువన ఉండేది. ఇప్పుడున్నది సున్నాకు పైన 15 డిగ్రీలు. కాబట్టి ఈ వాయువులు శత్రువులేమీ కావు. మనం ఇక్కడ బతుకుతున్నది వాటి పుణ్యమే. చిక్కు వాటి మోతాదుతోనే.

ఇది నిన్నమొన్న పుట్టిన సిద్ధాంతం కాదు. 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ రెండు గాజు గొట్టాల్లో థర్మామీటర్లు పెట్టింది. ఒకదాంట్లో మామూలు గాలి, రెండోదాంట్లో కార్బన్ డయాక్సైడ్ నింపి ఎండలో ఉంచింది. రెండో గొట్టం ఎక్కువ వేడెక్కింది, నీడలోకి తెచ్చాక చల్లారడానికీ చాలా ఎక్కువసేపు తీసుకుంది. గాలిలో ఈ వాయువు పాలు ఎక్కువైతే భూమి వేడెక్కుతుందని ఆవిడ అప్పుడే రాసింది. మూడేళ్లకు లండన్‌లో జాన్ టిండాల్ పరారుణ కిరణాలను ఏ వాయువు ఎంత పీలుస్తుందో కొలిచే పరికరమే కట్టాడు. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ చేత్తో ఏడాది పాటు లెక్కలు చేసి, గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి 5, 6 డిగ్రీలు వేడెక్కుతుందని చెప్పాడు. ఇప్పటి అంచనా 3 డిగ్రీల చుట్టుపక్కల ఉంది. కంప్యూటర్ లేని రోజుల్లో కట్టిన లెక్కకు అది మరీ దూరమేమీ కాదు.

"గాలిలో కార్బన్ డయాక్సైడ్ వంతు 0.04 శాతమే కదా, అంత కొంచెం ఏం చేస్తుంది?" అని అడుగుతారు. శాతాల్లో చెబితే కొంచెంగానే కనిపిస్తుంది. తూకంలో చూడండి. నేల మీద ఒక చదరపు మీటరు గీసి, దాని పైనుంచి ఆకాశం చివరిదాకా ఉన్న గాలినంతా తూస్తే అందులో కార్బన్ డయాక్సైడ్ దాదాపు ఆరున్నర కిలోలు ఉంటుంది. యంత్రయుగానికి ముందు అది నాలుగున్నర కిలోల లోపే. అంటే భూమ్మీద ప్రతి చదరపు మీటరు మీదా, సముద్రంతో సహా, రెండు కిలోలకు పైగా కొత్తగా ఎక్కించాం. పరారుణ కిరణాల దారికి ఈ రెండు కిలోలు అడ్డొస్తాయి. మిగతా పది టన్నుల నైట్రోజన్, ఆక్సిజన్‌లు అడ్డు రావు.

నీటి ఆవిరి వేడిని ఇంకా ఎక్కువ పడుతుందన్నది నిజం. అయితే ఆవిరి పది రోజుల్లోపే వానై కురిసిపోతుంది. గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఆవిరిని మోయగలదు, ఒక డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ. కాబట్టి ఆవిరి తనంత తాను వేడిని మొదలుపెట్టదు, వేరొకటి మొదలుపెట్టిన వేడిని ఎగదోస్తుంది. మొదలుపెట్టేది శతాబ్దాల తరబడి గాలిలో నిలిచి ఉండే కార్బన్ డయాక్సైడ్.

అది ఎంత పెరిగిందో 1958 నుంచి రోజువారీ లెక్క ఉంది. ఆ ఏడాది చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయి దీవుల్లో మౌనా లోవా కొండ మీద కొలత మొదలుపెట్టినప్పుడు పది లక్షల గాలి అణువుల్లో ఈ వాయువు అణువులు 315 దాకా ఉండేవి. 2024 సగటు 424. ఏటా ఉత్తరార్ధగోళంలో చెట్లు చిగిర్చి ఎదిగే కాలంలో ఆ గీత కొంచెం దిగుతుంది, ఆకులు రాలి కుళ్లే కాలంలో ఎక్కుతుంది. దిగిన ప్రతిసారీ నిరుటికన్నా పైనే ఆగుతుంది.

ఎవరి పని ఇది?

ఇక మూడో ప్రశ్న. వాయువు పెరిగింది సరే, అది మనదేనని ఎలా అనడం? అగ్నిపర్వతాలు కక్కింది కావచ్చు కదా, సముద్రం వదిలింది కావచ్చు కదా? అదృష్టవశాత్తూ ఎక్కడి నుంచి వచ్చిన కార్బన్‌కు అక్కడి ఆనవాలు ఉంటుంది.

ఇల్లెందు దగ్గర 1871లో విలియం కింగ్ గుర్తించిన బొగ్గునే తీసుకోండి. సింగరేణి గనుల నుంచి ఇప్పటికీ తవ్వుతున్న ఆ బొగ్గు, 25 కోట్ల ఏళ్లకు ముందెప్పుడో గోదావరి లోయలో పెరిగి, పూడిపోయిన అడవి. బతికున్న ప్రతి చెట్టులోనూ కార్బన్-14 అనే రేడియోధార్మిక రకం అతి స్వల్పంగా ఉంటుంది. చెట్టు చచ్చాక అది 5,730 ఏళ్లకు సగం చొప్పున తరిగిపోతుంది. యాభై వేల ఏళ్లు దాటితే కొలవడానికి మిగలదు. కోట్ల ఏళ్ల బొగ్గులో అది బొత్తిగా ఉండదు. కాబట్టి బొగ్గును, పెట్రోలును కాల్చే కొద్దీ గాలిలోని కార్బన్‌లో ఈ రకం వంతు పలచబడాలి. 1955లో హన్స్ సూస్ చెట్ల కలపను పరీక్షించి, కొత్తగా పెరిగిన చెక్కలో అది పలచబడిందని సరిగ్గా ఇదే చూపాడు.

రెండో ఆనవాలు ఆక్సిజన్. ఏది కాల్చినా ఆక్సిజన్ ఖర్చవుతుంది. కార్బన్ డయాక్సైడ్ అగ్నిపర్వతం నుంచో సముద్రం నుంచో వచ్చినదైతే గాలిలో ఆక్సిజన్ తగ్గనక్కర్లేదు. మౌనా లోవా కీలింగ్ కుమారుడు రాల్ఫ్ కీలింగ్ 1980ల చివరి నుంచి ఆక్సిజన్‌ను కొలుస్తున్నాడు. కాల్చినదానికి తగ్గట్టే అది తగ్గుతోంది. ఊపిరికి ఇబ్బంది కలిగేంత తగ్గుదల కాదు, నేరం ఎవరిదో చెప్పడానికి సరిపడేంత. పైగా సముద్రంలో కార్బన్ డయాక్సైడ్ ఏటేటా పెరుగుతోంది, కాబట్టి గాలికి ఇస్తున్నది సముద్రం కాదు. అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదికి వదిలేది మనుషులు వదిలేదాంట్లో ఒక శాతం కూడా లేదు. బొగ్గు, చమురు, గ్యాస్, సిమెంటు నుంచి మనం వదులుతున్నది ఏటా 3,700 కోట్ల టన్నులు. అందులో సుమారు సగాన్ని అడవులు, సముద్రాలు తీసుకుంటున్నాయి, మిగతాది గాలిలో పేరుకుంటోంది.

సూర్యుడి మాటేమిటి? 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యుడి వెలుగును కొలుస్తున్నాయి. పదకొండేళ్ల చక్రంలో కొద్దిగా పెరిగి తగ్గడమే గానీ, నికరంగా పెరిగింది లేదు. ఇంతకంటే గట్టి ఆనవాలు ఆకాశంలో పైన ఉంది. సూర్యుడే వేడెక్కిస్తుంటే కింది పొర, పై పొర రెండూ వేడెక్కాలి. కార్బన్ డయాక్సైడ్ పనైతే కింది పొర వేడెక్కి, పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడాలి. పలచని ఆ పొరలో ఈ వాయువు ఎక్కువైతే అది వేడిని అంతరిక్షంలోకి మరింతగా వదిలేస్తుంది. స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లోనే ఇలా జరుగుతుందని లెక్క కట్టి చెప్పారు. అప్పటికి పై పొర కొలతలు పెద్దగా లేవు. తరువాత బెలూన్లు, ఉపగ్రహాలు కొలిస్తే కింద వేడి, పైన చలువ, అచ్చంగా చెప్పినట్టే ఉంది. మనాబేకి 2021లో భౌతిక శాస్త్ర నోబెల్ వచ్చింది.

"భూమి ఇదివరకూ వేడెక్కింది, చల్లబడింది" అనేదీ నిజమే. భూమి కక్ష్యలో, ఒరుగులో వేల ఏళ్లకు వచ్చే మార్పులతో హిమయుగాలు వచ్చిపోయాయి. అంటార్కిటికా మంచును మూడు కిలోమీటర్ల లోతుకు తొలిచి, అందులో చిక్కుకున్న గాలి బుడగలను పరీక్షిస్తే 8 లక్షల ఏళ్ల చరిత్ర బయటపడింది. ఆ కాలమంతటా కార్బన్ డయాక్సైడ్ 180కీ 300కీ మధ్యే ఊగింది. హిమయుగం ముగిసేటప్పుడు 80, 90 పెరగడానికి వేల ఏళ్లు పట్టింది. మనం రెండు వందల ఏళ్ల లోపే 140కి పైగా పెంచాం. పాత మార్పులు మనకు ధైర్యం చెప్పవు. ఈ వాయువు కాస్త అటూ ఇటూ అయితే భూమి ఎంతగా మారుతుందో అవి చూపుతాయి.

సందేహించే హక్కు ఎవరికైనా ఉంది. కాకపోతే వేరే కారణం చెప్పేవారు పలచబడిన కార్బన్-14కు, తగ్గిన ఆక్సిజన్‌కు, చల్లబడిన పై పొరకు, వేడెక్కిన సముద్రానికి కలిపి ఒకే జవాబు చెప్పాలి. ఇప్పటిదాకా అలా చెప్పగలిగిన వివరణ ఒక్కటే.

ఫ్రిజ్‌లోంచి, వరిమడిలోంచి

కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే దోషి కాదు. వీరభద్రన్ రామనాథన్ ఇంజినీరింగ్ ముగించాక కొన్నాళ్లు సికింద్రాబాద్‌లో రిఫ్రిజిరేటర్లు చేసే ఒక సంస్థలో పని చేశాడు. ఫ్రిజ్‌లలో వాడే క్లోరోఫ్లోరోకార్బన్ వాయువులు కారిపోకుండా చూడటం ఆయన పని. తరువాత అమెరికా వెళ్లి వాతావరణ శాస్త్రంలోకి మళ్లాక, 1975లో అవే వాయువుల లెక్క కట్టాడు. వేడిని పట్టడంలో వాటి ఒక్కో అణువు పది వేల కార్బన్ డయాక్సైడ్ అణువులకు సమానమని తేలింది. అప్పటిదాకా ఈ వరసలో మరో వాయువు పేరే గట్టిగా వినిపించేది కాదు. ఓజోన్ పొరను కాపాడటానికి 1987లో మాంట్రియల్‌లో కుదిరిన ఒప్పందం ఈ వాయువులను కట్టడి చేసి, ఓజోన్‌తో పాటు భూమిని కొంత వేడి నుంచి కూడా కాపాడింది.

రెండోది మీథేన్. ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడిని పడుతుంది. కాకపోతే సుమారు పన్నెండేళ్లలో విరిగిపోతుంది. చమురు, గ్యాస్ బావులు, బొగ్గు గనులు, పశువులు, చెత్త కుప్పలు దీని వనరులు. వరి పొలం కూడా అందులో ఒకటి. నిలవ నీటి కింద మట్టిలో ఆక్సిజన్ అయిపోగానే మీథేన్‌ను పుట్టించే సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. వేళ్లకు గాలి దించుకోవడానికి వరి మొక్క కాండంలో సన్నని గాలి దారులు ఉంటాయి. అదే దారిన మీథేన్ పైకి ఎక్కిపోతుంది. నీళ్లలో బుడగలుగా వచ్చేది తక్కువ, కాండం గుండా వచ్చేదే ఎక్కువ. ఆరుతడి పద్ధతిలో మడిని మధ్యమధ్య ఆరనిస్తే మట్టికి గాలి తగిలి ఆ సూక్ష్మజీవుల పని ఆగుతుంది. నీళ్లూ ఆదా అవుతాయి. దిగుబడి పడిపోకుండానే ఇది సాధ్యమని వరి పరిశోధన చెబుతోంది.

మన దగ్గర ఏం మారింది?

దేశం సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 మధ్య సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. ప్రపంచ సగటు కంటే ఇది తక్కువ. పొగ, దుమ్ము కొంత ఎండను ఆపుతున్నాయి, సాగునీరు కొంత చల్లబరుస్తోంది. గాలి శుభ్రపడితే ఆ ముసుగు కొంత తొలగుతుంది.

2015 మే నెల చివరి వారాల్లో వడగాడ్పులకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోయారు. అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. మృతుల్లో చాలామంది ఎండలో పని చేయక తప్పనివారు, వృద్ధులు. ప్రాణం తీసేది థర్మామీటర్‌లో అంకె ఒక్కటే కాదు. ఒంటికి చెమట పట్టి, అది ఆరుతున్నప్పుడే శరీరం చల్లబడుతుంది. గాలిలో తేమ నిండితే చెమట ఆరదు. దీన్ని కొలవడానికి థర్మామీటర్ బుడ్డికి తడిగుడ్డ చుట్టి చూస్తారు. రామగుండంలో 45 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే తడిగుడ్డ లెక్క 26 డిగ్రీలే వస్తుంది. కాకినాడలో 38 డిగ్రీలే ఉండి తేమ 60 శాతమైతే ఆ లెక్క 31కి చేరుతుంది. ఆ లెక్క 35 దాటితే నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడు. ప్రయోగాల్లో యువకుల శరీరాలు సైతం 31 దగ్గరే అదుపు తప్పాయి. పత్రికల్లో పెద్ద అంకె రామగుండానిది, ఉక్కపోతలో పెద్ద ప్రమాదం కోస్తాది. 2015 వేడిని తరువాత పరిశీలించిన శాస్త్రవేత్తలు, హైదరాబాద్‌లో వేడీ తేమా కలిసి ఆ స్థాయికి చేరే అవకాశాన్ని మనుషులు వదిలిన వాయువులు పెంచాయని తేల్చారు.

పగళ్ల కంటే రాత్రులు వేడెక్కడం పంటకు దెబ్బ. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన సొంత పొలంలో 1992 నుంచి 2003 దాకా వచ్చిన దిగుబడుల్ని రాత్రి ఉష్ణోగ్రతలతో సరిపోల్చింది. దాళ్వా వంటి ఎండాకాలపు పంటలో రాత్రి వేడి ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గింది. పగలు కూడబెట్టుకున్న శక్తిని వెచ్చని రాత్రి మొక్క శ్వాసకే ఎక్కువగా ఖర్చు చేస్తుంది, గింజకు మిగిలేది తగ్గుతుంది.

వానలదీ ఇదే వరస. 1951 నుంచి 2015 మధ్య దేశంలో నైరుతి వర్షపాతం మొత్తం మీద సుమారు 6 శాతం తగ్గింది. అదే కాలంలో మధ్య భారతంలో ఒక్క రోజులో విస్తారమైన ప్రాంతం మీద కుండపోతగా కురిసే వానలు మూడు రెట్లయ్యాయి. కురిసే రోజులు తగ్గి, కురిసిన రోజున గాలి మోస్తున్న అదనపు ఆవిరంతా ఒక్కసారి దిగుతోంది. రైతుకు సాగు రోజుల్లో బెట్ట, కోత రోజుల్లో ముంపు.

అన్నిటికీ ఇదే కారణమా?

ఇక్కడే జాగ్రత్త పడాలి. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరులో. వేల ప్రాణాలు పోయాయి. భూమి అప్పటికి ఇంత వేడెక్కలేదు. తుఫానులు బంగాళాఖాతానికి కొత్త కాదు, వాటి సంఖ్య పెరిగిందనడానికీ ఆధారం లేదు. మారినదేమిటంటే వెచ్చని నీటి మీద అవి ఒకటి రెండు రోజుల్లోనే బలం పుంజుకుంటున్నాయి, సిద్ధపడటానికి దొరికే సమయం తగ్గుతోంది. అప్పటితో పోలిస్తే మరణాలు బాగా తగ్గాయంటే ఆ గొప్ప ముందస్తు హెచ్చరికలది, జనాన్ని తరలించే ఏర్పాట్లది.

ఉప్పాడ దగ్గర సముద్రం ఇళ్లను, రోడ్డును కోసుకుపోతోంది. సముద్ర మట్టం 1901 నుంచి దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగిన మాట నిజం. దానితో పాటు గోదావరి, కృష్ణా ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోతోంది. కొత్త మట్టి అందక డెల్టాలు కుంగుతున్నాయి, తీరం పోగొట్టుకున్న ఇసుకను తిరిగి నింపుకోలేకపోతోంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరదలో అసాధారణమైన వాన ఎంత నిజమో, కుంచించుకుపోయిన వాగు దారీ అంత నిజం. అన్ని నేరాలూ వాతావరణం మీదికి నెట్టేస్తే కాలువను ఆక్రమించినవాడు, గండిని పూడ్చనివాడు హాయిగా తప్పించుకుంటారు. మన చేతిలో ఉన్న పనులు మరుగున పడతాయి.

ఇక మిగిలిన లెక్క

గాలిలోకి ఒక లక్ష కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలితే భూమి సుమారు 0.45 డిగ్రీలు వేడెక్కుతుందన్నది ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక అంచనా. అడవుల నరికివేతతో కలిపి ఇప్పటి వేగంతో వదిలితే అది పాతికేళ్ల పని. వదలడం నికరంగా సున్నాకు వస్తే ఉష్ణోగ్రత పెరగడం దాదాపు ఆగుతుంది, వెంటనే తగ్గదు. సముద్రం మాత్రం శతాబ్దాల పాటు ఎగబాకుతూనే ఉంటుంది. కాబట్టి "చేయి దాటిపోయింది" అనడమూ తప్పే, "ఇంకా టైముంది" అనడమూ తప్పే. ఎక్కడ ఆపితే అక్కడి దాకా వేడి మిగులుతుంది.

ఇందులో బాధ్యత అందరిదీ సమానం కాదు. ఇప్పటిదాకా ఇంధనాల నుంచి గాలిలో చేరినదాంట్లో సుమారు పాతిక శాతం అమెరికాది, మన దేశానిది 4 శాతం లోపే. సగటు అమెరికన్ ఏడాదికి వదిలేది 14 టన్నులు, సగటు భారతీయుడు 2 టన్నులు. ఈ అంకెలు చెప్పి అంతర్జాతీయ వేదికల మీద వాదించడం మన హక్కు. కానీ మే నెలలో ఉపాధి హామీ పనికి వెళ్లిన కూలీకి ఆ వాదనలో గెలిచినా నీడ దొరకదు. మన దగ్గర కొన్ని పనులు మొదలయ్యాయి కూడా. కర్నూలు సౌర పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. పని వేళలు తెల్లవారుజాముకు జరపడం, పని చోట నీళ్లు, నీడ ఉంచడం, కోస్తాలో వేడితో పాటు తేమను కూడా కలిపి హెచ్చరించడం, వాగులకు దారి వదలడం, దాళ్వాకు రాత్రి వేడిని తట్టుకునే వంగడాలు వెతకడం లాంటి పనులు ప్రపంచ ఒప్పందాల కోసం ఆగనక్కర్లేదు. బొగ్గు నుంచి బయటపడటం మాత్రం ఒక్క రాష్ట్రం, ఒక్క దేశం చేతిలో లేదు. సింగరేణి మీద బతికే కుటుంబాలకు వేరే జీవనోపాధి చూపకుండా అది న్యాయంగానూ జరగదు.

భూతాపం నిజమా అన్న ప్రశ్నకు జవాబు దొరికి చాలా కాలమైంది. ఇక వాదించాల్సింది ఎవరు ఎంత తగ్గించాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి, ఈలోగా ఎండన పడేవాళ్లను ఎలా కాపాడాలి అన్నవాటి మీద. ఆ వాదనలో ఎంత గట్టిగా తగవులాడుకున్నా తప్పులేదు.